గేజీ గ్లాసులో నీళ్లు

ఆ ఫారం నింపింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక. ఆవిరి ఇంజిన్ల క్లబ్బు వాళ్లు ఇచ్చిన రెండు పేజీల కాగితం అది. ఇంజిన్ నడపబోయే మనిషి వయసు, చేసిన ఉద్యోగం, బీపీ, షుగరు, వినికిడి, చూపు, ఇలా గడులు. ఒక్కో గడిలో జవాబు రాసి, చివర ఇంట్లోవాళ్లు ఒకరు సంతకం పెట్టాలి. మా బాపు దాన్ని తెచ్చి, నేను పప్పుకు తాలింపు పెడుతుంటే స్టవ్వు పక్కన గట్టు మీద పెట్టాడు.

"జర నింపు బిడ్డా. నా రాత కోడి గీకినట్టుంటది," అన్నాడు.

రైల్వే ఇంజిన్ల మీద ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి, డ్రైవరుగా ట్రిప్పు పుస్తకాలు రాసిన చెయ్యి ఆయనది. మా కాజీపేట క్వార్టర్ల లైనులో ఎవరికి సెలవు చీటీ కావాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు, అంత గుండ్రటి రాత. ఆయన ఎందుకు నింపలేదో నాకు తెలుసు. ఆ గడులు ఆయనకు కనబడవు. 'చూపు' అన్న చోట నా పెన్ను ఆగింది. ఆయన ఉప్పు డబ్బా మూత తీస్తూ, మళ్లీ పెడుతూ పక్కనే నిలబడ్డాడు. నేను 'బాగుంది' అని రాసి కింద సంతకం చేశాను. ఈలోపు తాలింపు మాడిపోయింది.

అప్పటికి మూడు నెలల కిందట ఉతకడానికి ఆయన చొక్కా తీస్తే జేబులో హన్మకొండ కంటి దవాఖాన చీటీ దొరికింది. కంటి నరం దెబ్బతిన్నదని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదైనా నిలవాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలని రాసి ఉంది. ఆపరేషన్‌తో బాగయ్యే శుక్లం కాదు. నేను చీటీని మడతపెట్టి, ఇస్త్రీ చేసిన చొక్కా జేబులో మళ్లీ అలాగే పెట్టేశాను. చీటీ చూసినట్టు ఆయనకు చెప్పలేదు. నాకు చెప్పలేదేమని ఆయనను అడగనూ లేదు.

చీటీ లేకపోయినా తెలిసేదే. చాయ్ కప్పులో పోస్తే సగం సాసర్లోకి పోయేది. గేటు ముందు మోరీ దాటేటప్పుడు కాలితో తడుముకునేవాడు. పొద్దున పేపరు మా అమ్మాయి చేత చదివించుకునేవాడు, దాని తెలుగు బాగుపడుతుందట. మూడో తరగతి పిల్ల మొదటి పేజీలో హత్య వార్తలన్నీ గడగడా చదివేస్తుంటే మా ఆయన నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

మరి ఎందుకు నోరు మూసుకున్నానంటే, అమ్మ పోయాక మా దగ్గరికి వచ్చిన బాపు రెండేళ్లపాటు మాట్లాడడమే మానేశాడు. మాది కాశిబుగ్గ. మా ఆయనకు నాలుగు మరమగ్గాలున్నాయి, అవి ఇంటి వెనక షెడ్డులోనే ఆడతాయి. ఆ చప్పుడులో మేమంతా అరుచుకుంటూ బతుకుతాం. ఈయనొక్కడే అందులో చడీచప్పుడు లేకుండా కూర్చునేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. నేను సుబేదారిలో ఆఫీసుకు పోతూ గేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఎలా కూర్చున్నవాడు అలాగే ఉండేవాడు. అలాంటి మనిషిని మళ్లీ లేపి నిలబెట్టింది ఆ ఇంజిను.

అది పెద్ద ఇంజినేమీ కాదు. ఊరి బయట ఎప్పుడో మూతపడిన ఒక ఫ్యాక్టరీలోకి బొగ్గు వ్యాగన్లు లాగిన బుడ్డ ఇంజిను. ఏళ్ల తరబడి తుమ్మచెట్ల మధ్య తుప్పు పట్టింది. ఈ ఆవిరి పిచ్చోళ్లు పదిహేను మంది కలిసి దాన్ని పట్టుకుని బాగు చేశారు. వాళ్లకు పెద్ద ఒక రిటైరైన ఫిజిక్సు లెక్చరరు. స్కూటరు తప్ప ఏదీ నడిపి ఎరగడు గాని, ఆవిరి మీద మూడు గంటలు ఆగకుండా మాట్లాడగలడు. పనిమంతుడు మాత్రం ఒక్కడే, కాజీపేట షెడ్డులో బాయిలర్ ఫిట్టరుగా చేసి దిగిన ఆయన. బాపు కంటే పదేళ్లు చిన్న, బాపును 'అన్నా' అంటాడు. బాయిలరు పరీక్ష చేసే అధికారి వచ్చి చూసి సరేనన్నాక, ఫ్యాక్టరీ షెడ్డు నుంచి పాత సరుకుల ప్లాట్‌ఫాం దాకా మిగిలిన కిలోమీటరున్నర పట్టాల మీద చలికాలం ఆదివారాలు జనాన్ని ఎక్కించుకుని నడపడం మొదలుపెట్టారు. మొదటి నెల నడిపిన డ్రైవరు మోకాళ్లు పట్టేసి మానుకున్నాడు. అప్పుడు బాపు దగ్గరికి వచ్చారు, ఫారంతో సహా.

ఆవిరి ఇంజిన్ గురించి నాకు తెలిసింది కొంచెమే. ఆ కొంచెమూ బాపు నేర్పిందే. నాకు ఏడేళ్లప్పుడు కాజీపేట షెడ్డులో ఒకసారి నన్ను చంకనేసుకుని ఇంజిన్ ఎక్కించాడు. పొయ్యి తలుపుకు పైన, నా మోచేతి పొడవు గాజుగొట్టం ఒకటి నిలువుగా బిగించి ఉంది. లోపల బాయిలర్లో నీళ్లు ఎంత ఉన్నాయో బయటికి చెప్పేది అదొక్కటే. దాని పేరు గేజీ గ్లాసు.

"గ్లాసు నిండుగున్నా, ఖాళీగున్నా ఒక్క తీరే కనవడ్తది బిడ్డా. మోసమంత ఆడనే ఉంటది," అన్నాడు.

అందుకే గొట్టం వెనక తెల్లటి రేకు మీద నల్లటి ఏటవాలు గీతలు కొడతారు. గొట్టంలో నీళ్లున్నంత మేర ఆ గీతలు ఎదురు దిక్కుకు వాలినట్టు కనిపిస్తాయి. నీళ్లు లేనిచోట గీత ఎటు పోయేది అటే పోతుంది. ఇది చూపించి, "అయినా గీతలను గూడ నమ్మద్దు. గ్లాసును మాట్లాడియ్యాలె," అని గొట్టం కింద చిన్న పిడి తిప్పాడు. బుస్సుమని ఆవిరీ నీళ్లూ కలిసి కిందికి చిమ్మాయి. నేను కెవ్వుమన్నాను. పిడి కట్టేయగానే నీళ్లు గొట్టంలోకి ఎగిరి వచ్చి, ఊగి, ఒకచోట నిలబడ్డాయి. అలా ఎగిరి వస్తే బాయిలరు బతికి ఉన్నట్టు. బండి కదిలే ముందు ప్రతిసారీ అలా మాట్లాడించనిదే ఆయన చెయ్యి బండిని కదిలించే రెగ్యులేటరు మీదికి పోదు. ఇంట్లో కూడా అదే గుణం. గ్యాసు కట్టేసి మూడుసార్లు చూస్తాడు. డాబా మీద ట్యాంకు నిండిందని మీటరు చెప్పినా ఎక్కి తట్టి వింటాడు.

నీళ్లు తగ్గితే ఏమవుతుందో ఒక్కసారే చెప్పాడు, అదీ అమ్మ బలవంతం మీద. పొయ్యి కప్పు మీద ఎప్పుడూ నీళ్లు నిలబడి ఉండాలట. నీళ్లు తగ్గితే ఆ ఇనుపకప్పు ఎర్రగా కాలి కుంగుతుంది. అందులో ప్రమాదానికి గుర్తుగా ఒక సీసపు బిరడా పెడతారు. అది కరిగితే బాయిలర్లోని ఆవిరి పొయ్యిలోకి దూకుతుంది, పొయ్యిలోని మంట తలుపులోంచి ఎదురుగా నిలబడ్డవాళ్ల మీదికి వస్తుంది. ఆయనతో పనిచేసిన, బొగ్గు వేసే ఫైర్‌మన్ ఒకడికి అలాగే అయింది. రైల్వే దవాఖానలో పదకొండు రోజులున్నాడు. పన్నెండో రోజు గురించి బాపు చెప్పలేదు, అమ్మ అడగలేదు.

ఇవన్నీ తెలిసే నేను 'బాగుంది' అని రాశాను. కిలోమీటరున్నరే కదా, మనిషి నడిచేంత వేగమే కదా, పక్కన ఫిట్టరు ఉంటాడు కదా అనుకున్నాను. అనుకోవడానికి ఏముంది, సంతకం పెట్టే చేతికి సాకులు వాటంతటవే దొరుకుతాయి.

బాపు మొదటిసారి బండి నడపబోయే ఆ ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. బాపు చీకటితోనే లేచి నీలం చొక్కా, తలకు రుమాలు కట్టుకుని కూర్చున్నాడు. మా అమ్మాయికి రాత్రంతా నిద్ర లేదు. తాత పక్కన ఇంజిన్లో నిలబడి కూత వేయించే హక్కు తనదేనని బడిలో అందరికీ చెప్పుకుంది. మా ఆయన కారు నడుపుతూ, "మామా, ఇయ్యాల మా మగ్గాలు బందువెట్టి మరీ వస్తాన్న. నీ బండి నా మగ్గాల కంటె ఎక్కువ చప్పుడు చెయ్యాలె మల్ల," అని ఆటపట్టించాడు. బాపు నవ్వాడు. ఖమ్మం రోడ్డు మీద మరిపెడ బస్సులు ఎదురొస్తున్నాయి. ముందు సీట్లో కూర్చున్న బాపు ప్రతి హారనుకూ తల తిప్పి, బస్సు ఒకవైపుంటే ఇంకోవైపు చూశాడు.

అక్కడికి చేరేసరికి ఇంజిన్ను పెళ్లికూతురిని చేసి పెట్టారు. బంతిపూల దండలు, పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. ఫిట్టరు తెల్లవారకముందే మంట వేశాడు. వెనక తగిలించిన రెండు బల్లల వ్యాగన్లలో క్లబ్బువాళ్ల కుటుంబాలు, ఊళ్లోంచి వచ్చిన జనం ఎక్కి కూర్చున్నారు. తొమ్మిదింటికి బండి కదలాలి. కాని ముఖ్య అతిథిగా పిలిచిన ఒక పెద్దమనిషి రాలేదు. తొమ్మిదిన్నర అయింది. పది అయింది. వస్తున్నారు, దారిలో ఉన్నారు, కరీమాబాద్ దాటారు అని లెక్చరరు సారు మైకులో చెబుతూనే ఉన్నాడు. నిలబడ్డ ఇంజిను ఊరికే నిలబడదు. నెత్తిమీద వాల్వు ఎగదన్ని ఆవిరి వదులుతూనే ఉంది. వదిలిన ప్రతి ఆవిరీ బాయిలర్లోని నీళ్లే.

మామూలుగా గేజీ గ్లాసులు రెండుంటాయి, డ్రైవరు వైపొకటి, ఫైర్‌మన్ వైపొకటి. ఫిట్టరు వైపు గ్లాసు ముందు వారమే బీట కొట్టింది. కొత్తది వచ్చేదాకా దాని పిడులు కట్టేసి తీగతో బిగించారు. ఒకటి ఉంది కదా, చాలన్నారు అందరూ. ఉన్న ఆ ఒక్కటి బాపు వైపుది.

నేను అమ్మాయిని ఎక్కించే వంకతో, దాని స్వెటరు పట్టుకుని ఇంజిన్ మెట్టెక్కాను. వేడి మొహానికి కొట్టింది. ఫిట్టరు పార పట్టుకుని బొగ్గు సర్దుతున్నాడు. "అన్నా, నీళ్లు జర పెడుదామా?" అని నీళ్లెక్కించే పిడి మీద చెయ్యి వేశాడు.

బాపు గ్లాసుకు మొహం దగ్గరగా పెట్టి చూశాడు. "వద్దు తమ్మీ. ఫుల్లున్నయి. ఇంక పెడితె సిలిండర్లకు వస్తయి," అన్నాడు.

అదీ నిజమే. నీళ్లు మరీ ఎక్కువైనా ప్రమాదమే. ఫిట్టరు చెయ్యి తీసేశాడు. డ్రైవరు మాట మీద ఇంకో మాట అనే అలవాటు షెడ్డులో ఎవరికీ లేదు. నేను బాపు భుజం మీదుగా గొట్టం వైపు చూశాను. పై నుంచి కింది దాకా గీతలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. మధ్యలో ఎక్కడా మారలేదు. నీళ్లుంటే ఎదురు దిక్కుకు వాలతాయా, లేకపోతేనా? చిన్నప్పటి మాట, ఆ క్షణాన బుర్రలో రెండు వైపులా తిరిగింది. బాపు చెయ్యి అలవాటుగా గొట్టం కింద పిడి మీదికి పోయింది. హమ్మయ్య, మాట్లాడిస్తాడు అనుకున్నాను.

అప్పుడే లెక్చరరు సారు పరుగున వచ్చాడు. పెద్దమనిషి కారు దిగాడు. తెల్లటి లాల్చీ, వెంట ఫోటోలు తీసేవాళ్లు, అంతా సరిగ్గా మా మెట్టు కిందే వచ్చి నిలబడ్డారు. "డ్రైవర్ సాబ్, ఇప్పుడు అది వదలకండి. పోయినసారి తుప్పునీళ్లు చిమ్మి గెస్టు బట్టలన్నీ ఖరాబైనయి, మస్తు మాటలు పడ్డం. జర దయచేసి," అన్నాడు చేతులు జోడించి.

బాపు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత పిడి మీదినుంచి చెయ్యి తీసేశాడు. ముప్పై ఎనిమిదేళ్లలో ఏ ఆఫీసరు చెప్పినా తీయని చెయ్యిని, వచ్చినవాళ్ల బట్టలు పాడవుతాయని తీశాడు. మేం అంతే, ఇంటికి వచ్చిన చుట్టం కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే జాతి.

నేను అప్పుడే అనాల్సింది. 'బాపూ, ఒక్కసారి వదులు' అంటే సరిపోయేది. మూడు మాటలు. కింద కెమెరాలు, దండలు, పెద్దమనిషి నవ్వు. బాపు మొహంలో అమ్మ పోయాక నేను చూడని వెలుగు. అందరి ముందూ ఆయన చేతిని నేనెలా ఆపుతాను అనుకున్నాను. అమ్మాయిని ఆయన పక్కన, పొయ్యి తలుపుకు ఎదురుగా నిలబెట్టి, స్వెటరు గుండీలు పెట్టి దిగివచ్చాను. మొదటి వ్యాగన్లో మొదటి బల్ల మీద మా ఆయన పక్కన కూర్చున్నాను. ఇంజిను వెనకభాగం తెరిచే ఉంది. బాపు వీపు, పిల్ల రెండు జడలు, వాళ్ల మధ్యలోంచి ఆ గొట్టం నాకు నేరుగా కనిపిస్తున్నాయి.

కొబ్బరికాయ కొట్టారు. పెద్దమనిషి జెండా ఊపి, రెండో వ్యాగన్లో ఎక్కాడు. మా అమ్మాయి రెండు చేతులతో తాడు పట్టుకుని లాగింది. కూతకు వ్యాగన్లలో అందరూ కేకలు వేశారు. బండి కదిలింది. తుమ్మచెట్లు నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నాయి. మా వెనక ఎవరో కూతను ఫోనులో రికార్డు చేసుకుంటూ అందరినీ చప్పుడు చేయొద్దని బతిమాలుతున్నారు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఏందే, గిట్ల చల్లగున్నది?" అన్నాడు.

నేను గొట్టాన్నే చూస్తున్నాను. ఆ తెల్లటి రేకు గొట్టం కంటే వెడల్పు. గొట్టానికి ఇటు పక్కన ఒక నల్ల గీత ఉంది, అటు పక్కన అదే గీత మిగతా ముక్క ఉంది. మధ్యలో గొట్టం వెనక కూడా గీత ఎక్కడా విరగకుండా, నేరుగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పోయింది. అన్ని గీతలూ అంతే. విరగాల్సినవి విరగలేదు. గొట్టంలో ఒక్క చుక్క లేదు.

అప్పుడే పిల్ల గొంతు వినిపించింది. "తాతా, ఇండ్ల నీళ్లు ఏవి?"

"అంత నీళ్లే బిడ్డా. నిండుగున్నయి గనుకనే కనవడ్తలేవు," అన్నాడు బాపు, నవ్వుతూ.

నేను లేచి నిలబడ్డాను. "బాపూ! గ్లాసు ఖాళీగుంది!" అని అరిచాను.

ఆయన తల తిప్పకుండానే చెయ్యి ఊపాడు, ఏం ఫికర్ వద్దన్నట్టు. వెనక వాళ్లు ఎవరో నవ్వారు. డ్రైవరుకు కూతురు పాఠం చెబుతుందని.

"నీకు కనవడ్తలేదు బాపూ! నీకు కండ్లు కనవడ్తలేవు! నాకు ఎరుకే!"

ఆ మాట ఎంత గట్టిగా అన్నానో, రెండో వ్యాగన్ దాకా అందరూ విన్నారు. నవ్వు ఆగిపోయింది. ఫిట్టరు పార పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే బాపు మొహంలోకి చూశాడు. బాపు చెయ్యి తడుముకుంటూ గొట్టం కిందికి పోయింది. పిడి తిప్పాడు. నీళ్లు చిమ్మలేదు. ఎండుగా, సన్నగా, ఒట్టి ఆవిరి చప్పుడు వచ్చింది. దాన్ని వినడానికి ఆయనకు కళ్లు అక్కర్లేదు.

రెగ్యులేటరు కట్టేసి బ్రేకు వేశాడు. బండి కీచుమని ఆగింది. ఫిట్టరు గాభరాలో నీళ్లెక్కించే పిడి మీదికి ఉరికాడు. బాపు ఆ చేతి మీద ఒక్కటి కొట్టాడు. "పెట్టకు! పొయ్యి కప్పు కాలి ఉంటది. సల్లనీళ్లు వడ్తె అందరం పోతం!" అని, పిల్లను నడుం పట్టి ఎత్తి గాలిలోకి చాపాడు. ఎవరున్నారో చూడకుండానే చాపాడు. మా ఆయన వ్యాగను మీదినుంచి దూకి అందుకున్నాడు.

"అందరు దిగుండ్రి! దూరం ఉరుకుండ్రి!" అని బాపు అరిచిన అరుపు ఇప్పటికీ మా వీధిలో పెద్ద చప్పుడేదైనా అయితే నాకు వినిపిస్తుంది. జనం దూకారు. చెప్పులు, సంచులు, టిఫిన్ డబ్బాలు పట్టాల పక్కన ఎక్కడివక్కడ పడ్డాయి. తెల్ల లాల్చీ పెద్దమనిషి మోకాళ్ల మీద పడి లేచి తుమ్మచెట్లలోకి పరుగెత్తాడు. నేను పరుగెత్తలేదు. అందులో ధైర్యమేమీ లేదు.

మంట ఆర్పాలి, కాని నీళ్లతో కాదు. ఫిట్టరు కిందికి దూకి, పట్టాల పక్కన ఇంజిన్‌కు నీళ్లు పట్టే తొట్టి చుట్టూ ఉన్న తడిమట్టిని పారతో ఎత్తి అందిస్తుంటే బాపు పొయ్యి తలుపు తెరిచి నిప్పు మీద కుమ్మరిస్తున్నాడు. ఆ తలుపుకు ఎదురుగా, ఒక్కడే. లెక్చరరు సారు చొక్కా చేతులు మడిచి తట్టలతో మట్టి మోశాడు. మా ఆయన మోశాడు. "దిగు బాపూ, నీ కాళ్లు మొక్కుతా దిగు," అని నేను ఏడుస్తున్నాను. ఆయన దిగలేదు. తలుపులోంచి పొగ తప్ప ఇంకేం రావట్లేదనిపించాక, ఎదురుగా గోడకున్న ఆవిరి ఒత్తిడి గడియారం వైపు మొహం పెట్టి కాసేపు నిలబడ్డాడు. తర్వాత అందరూ వినేలాగే అన్నాడు.

"సూది యాడుంది తమ్మీ? నాకు కనవడ్తలేదు. నువ్వు సూసి చెప్పు."

ఫిట్టరు ఎక్కి చూసి, దిగుతోందన్నాడు. అది సగానికి పడిపోయిందని చెప్పేదాకా బాపు అక్కడే నిలబడ్డాడు. దిగేటప్పుడు మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కున్నాడు. ఫిట్టరు ఆయన పాదం పట్టి మెట్టు మీద పెట్టాడు.

లెక్చరరు సారు మైకులో చిన్న సాంకేతిక లోపమని చెప్పాడు. పెద్దమనిషి బట్టలకు అంటిన మట్టి దులుపుకుని, పాత సంపదను కాపాడుకోవాలని ఐదు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోయాడు. జనం పులిహోర పొట్లాలు తీసుకున్నారు. బాపును చూసి తప్పుకుని దారి ఇచ్చారు. తిట్టి ఉంటే బాగుండేది.

రెండు రోజులకు బాయిలరు పూర్తిగా చల్లారాక ఫిట్టరు లోపలికి దూరి చూసి నాకే ఫోను చేశాడు, అన్నకు చెప్పొద్దని. సీసపు బిరడా అంచు మెత్తబడి కిందికి జారిందట. "ఇంకో ఫర్లాంగు పోయి ఉంటె కరిగిపోతుండె చెల్లె," అన్నాడు. పిల్ల ఎక్కడ నిలబడి ఉందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తకుండా ఫోను పెట్టేశాం.

కాని నాకు అంతకంటే భారమైంది అంతకు ముందే, ఆ ఆదివారం తిరుగు దారిలోనే జరిగింది. మా ఆయన కారు నడుపుతున్నాడు. బాపు ముందు సీట్లో, పిల్ల వెనక నా ఒళ్లో పడుకుంది. దానికి ఏం జరిగిందో సగమే తెలుసు, రెండోసారి కూత వెయ్యనియ్యలేదని అలిగి నిద్రపోయింది. అండర్ బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్కులో ఆగినప్పుడు బాపు నోరు విప్పాడు.

"ఆ ఫారంల, సూపు కాడ ఏం రాసినవ్ బిడ్డా?"

"బాగుందని రాసిన."

"ఎరుకుండే రాసినవా?"

"ఎరుకే. దవాఖాన చీటి సూసిన. మూడు నెలలైంది."

తిడతాడనుకున్నాను. నేనే తిట్టాలని కూడా అనిపించింది. నువ్వెందుకు దాచినవ్, నా పిల్లను పక్కన పెట్టుకుని నిండుగున్నయని ఎట్ల చెప్పినవ్ అని. ఆయన మసి చేతులు ఒళ్లో పెట్టుకుని, అద్దంలోంచి ఏం కనబడుతుందో, దానినే చూస్తున్నాడు. బండ్లు కదిలాయి. కాశిబుగ్గ మలుపు తిరిగాం. అప్పుడన్నాడు, నెమ్మదిగా, తనలో తాను చెప్పుకున్నట్టు.

"పొద్దుగాల నాకు గూడ భయమే ఉండె. గ్లాసు జర మబ్బు మబ్బుగ కొట్టింది. దిగిపోదామనుకున్న. గప్పుడే నువ్వొచ్చి పిల్లను తెచ్చి నా పక్కన నిలవెట్టినవ్, గుండీలు వెట్టి మరీ. నా బిడ్డకు జరంత అనుమానమున్నా తన పిల్లను ఈడ నిలవెట్టదు గద అనుకున్న. నాకు మంచిగనే కనవడ్తాందని గప్పుడు నమ్మిన."

మా ఆయన కారు పక్కకు తీసి ఆపాడు. ఇల్లు ఇంకా రెండు గల్లీల అవతల ఉంది. ఎవరమూ దిగలేదు.